లేచి వెళ్ళిపోయిన ఆవిడ

మా ఊరు సాంటా ఒలీవాలో సినిమా తీస్తారన్న కబురు తెలియగానే మార్లిస్ నాకు ఫోన్ చేసింది.

"గార్త్, మన కథ తీస్తున్నారట్రా! పద, ఎలా జరిగిందో దగ్గరుండి చెప్పొద్దాం. లేకపోతే వాళ్ళ ఇష్టమొచ్చినట్టు తీసేస్తారు."

మన కథ అంటే హిప్పీల కథ. 1971 ప్రాంతంలో మా కాలిఫోర్నియా సముద్రతీరమంతటా పొడుగు జుట్టు పిల్లలు గంజాయి వదిలేసి బైబిళ్ళు పట్టుకున్నారు. గుంపులు గుంపులుగా వెళ్ళి సముద్రంలో బాప్తిస్మం తీసుకున్నారు. పెద్ద ఊళ్ళ పత్రికలు దాన్ని ఉజ్జీవం, అంటే చల్లారిన భక్తి మళ్ళీ రగలడం, అని రాశాయి. మా ఊళ్ళో మాత్రం "ఆ మురికి పిల్లలు చర్చికి కూడా తగలడ్డారు" అనుకున్నారు. ఆ మురికి పిల్లల్లో నేనొకణ్ణి, మార్లిస్ ఒకతె. ఇప్పుడు నాది బట్టతల, మోకాళ్ళు రెండూ ఆపరేషన్ చేసి పెట్టినవి. పైపుల పని చేసి చేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మార్లిస్ జీవితమంతా బడి బస్సు నడిపింది. మా ఊళ్ళో యాభై ఏళ్ళలోపు వాళ్ళెవరైనా సరే, చిన్నప్పుడు ఆమె చేత కనీసం ఒక్కసారైనా చీవాట్లు తిన్నవాళ్ళే.

గ్రంథాలయం హాల్లో సినిమా వాళ్ళు వేషాలకు మనుషుల్ని ఎంచడానికి కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. దర్శకురాలు మారిబెల్ ఒచోవా అని ఒక చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు. మార్లిస్ లోపల అడుగుపెట్టిందో లేదో, "కదలకండి! అలాగే ఉండండి!" అని అరిచింది.

మార్లిస్ అలాగే నిలబడింది. తెల్లటి ఉంగరాల జుట్టు, మెడదాకా బొత్తాలు పెట్టుకున్న ఇస్త్రీ చొక్కా, గొలుసుకు వేలాడే కళ్ళజోడు, కర్ర మింగినట్టు నిటారుగా నడుము.

"మీరే! మేం వెతుకుతున్న ఆవిడ మీరే," అంది మారిబెల్.

"ఎవరావిడ?"

"హిప్పీలు చర్చిలోకి రాగానే ముఖం చిట్లించుకుని లేచి వెళ్ళిపోయే ఆవిడ."

నేను పగలబడి నవ్వాను. "అమ్మాయ్, ఆ రోజు చెప్పుల్లేకుండా చర్చిలోకి వెళ్ళింది ఈవిడే. లేచి వెళ్ళిపోయింది వేరే ఆవిడ!"

మారిబెల్ నమ్మలేనట్టు మార్లిస్ వంక చూసింది. మార్లిస్ మాత్రం నవ్వలేదు. "ఆవిడ పేరు ఎడ్నా క్రెబ్స్," అంది. "నాకు బాగా తెలుసు. ఆ వేషం వేస్తాను."

ఎందుకు ఒప్పుకుందో తెలియాలంటే ముందు కోడి సంగతి చెప్పాలి.

మార్లిస్ నెబ్రాస్కాలో మొక్కజొన్న రైతు కూతురు. పద్దెనిమిది నిండగానే కార్విన్ అనే కుర్రాడితో రొట్టెలు చేరవేసే పాత మోటారు బండి ఒకటి వేసుకుని ఇల్లు వదిలి వచ్చేసింది. దారి పొడుగునా బండి ఆమే నడిపింది. కార్విన్ పక్కన కూర్చుని వేణువు ఊదాడట, అదీ ఒకే పాట. సముద్రం చేరాక అతనికి వేరే జ్ఞానోదయమై ఎవరో గురువుగారి వెంట కొండల్లోకి వెళ్ళిపోయాడు. మార్లిస్ తన పేరు తూనీగ అని మార్చుకుని, ఊరి వెలుపల నారింజ తోటలో ఒక పాక దగ్గర మరో ఆరుగురితో ఉండేది. వాళ్ళు పగలంతా పడుకునేవాళ్ళు. ఈమె కొవ్వొత్తులు పోసి అమ్మేది. ఆ తోటలోకి ఎక్కడినుంచో తప్పిపోయి వచ్చిన ఎర్రకోడి ఒకటి ఈమె వెంట పడి తిరిగేది. దాని పేరు మహారాణి.

నేను ఆమెను మొదట చూసింది ఇసుక ఒడ్డున. నేను గిటారు వాయిస్తూ పాడుతున్నాను. అప్పటికి నేను ప్రభువును నమ్ముకుని రెండు నెలలైంది, నాకు తెలిసిన సువార్త అంతా కలిపి రాస్తే అరపేజీ. ఆ అరపేజీ ఆమెకు చెప్పాను. నువ్వు ఎవరికీ అక్కర్లేదనుకుంటున్నావేమో, ఆయనకు కావాలి, అన్నాను. ఆమె ముక్కు చీదుకుని, "ఇది ఎక్కడ చెబుతారు?" అంది.

"లైల్ పాస్టర్ గారి చర్చిలో. ఆదివారం రా."

"నాకు చెప్పుల్లేవు."

"నాకూ లేవు."

"కోడి ఉంది. పాకలో వదిలేస్తే కుక్కలు తినేస్తాయి."

"తీసుకురా," అన్నాను. దేవుని ఇంట్లో అందరికీ చోటుందని ఆ వారమే విన్నాను మరి.

ఆదివారం ఆమె ఆలస్యంగా వచ్చింది. వెనక బల్లలు నిండిపోయాయి. మొదటి పాట సగంలో ఉండగా, ఉత్త కాళ్ళతో, నడుము కిందకు జారిన జుట్టుతో, గంటలు కట్టిన లంగాతో, చేతిలో తలకిందులుగా వేలాడుతున్న కోడితో నడిచి నడిచి ముందుకు వచ్చి రెండో బల్లలో క్రెబ్స్ గారి పక్కన కూర్చుంది.

ఎడ్నా క్రెబ్స్ గారంటే మా చర్చికి స్తంభం లాంటి మనిషి. భర్త పోయాడు. సండే స్కూలు ఆవిడ చేతుల్లో నడిచేది. కోళ్ళ ఫారంలో పుట్టి పెరిగారని అప్పటికి మాకెవరికీ తెలీదు. ఆవిడ మార్లిస్ కాళ్ళు చూశారు, జుట్టు చూశారు, కోడిని చూశారు. పాటల పుస్తకం మూసి, చేతికి తొడుగులు వేసుకుని, సంచీ తీసుకుని లేచారు. బల్లల మధ్య నుంచి టకటకా నడిచి తలుపు తీసుకుని వెళ్ళిపోయారు.

పాట ఆగిపోయింది. మార్లిస్ ముఖం కందిపోయింది. కోడిని పట్టుకుని తనూ లేచింది.

"కూర్చోమ్మా," అన్నారు లైల్ గారు. "నువ్వు వచ్చావు కదా, ఉండు."

ఆమె కూర్చుంది గానీ తల ఎత్తలేదు. ప్రసంగం మొదలైంది. ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. అందరి ధ్యాసా ఆ ఖాళీ చోటు మీదే. సగం దాటాక తలుపు కిర్రుమంది. క్రెబ్స్ గారు ఒక చేత్తో నారింజపళ్ళ చెక్క డబ్బా, మరో చేత్తో పిడికెడు మొక్కజొన్న నూక పట్టుకుని వచ్చారు. తిన్నగా రెండో బల్ల దగ్గరికి నడిచి డబ్బాను మార్లిస్ కాళ్ళ దగ్గర పెట్టారు.

"కోడిని అలా తలకిందులుగా పట్టుకుంటారా ఎవరైనా? చచ్చూరుకుంటుంది. మీ అమ్మ చెప్పలేదూ?"

"మాది మొక్కజొన్న పొలం అమ్మగారూ, కోళ్ళు లేవు."

"మరి నీకెందుకీ పెంపకం?"

"నేను పెంచట్లేదండీ. అదే మాతో ఉంటోంది."

క్రెబ్స్ గారు కోడి కాళ్ళకున్న తాడు విప్పి, దాన్ని డబ్బాలో కూర్చోబెట్టి, నూక చల్లి, తన చోట్లో తాను కూర్చున్నారు. పుస్తకం తెరిచారు. అందరూ తననే చూస్తున్నారని అప్పుడు గమనించి, "కానివ్వండి పాస్టర్ గారూ, నావల్ల ఆగిపోయింది," అన్నారు.

ఆరాధన అయ్యాక ఆవిడ మార్లిస్ మోచెయ్యి పట్టుకుని మూడిళ్ళ అవతల ఉన్న తన ఇంటికి తీసుకుపోయారు. కాళ్ళు కడిగించారు. హ్యామ్ అనే చల్లటి పంది మాంసం ముక్కలు, బంగాళాదుంప సలాడ్ పెట్టారు. మార్లిస్ మూడోసారి వడ్డించుకుంటుంటే ఏమీ అనకుండా గిన్నె దగ్గరికి జరిపారు. గుమ్మం దాకా వచ్చి సాగనంపుతూ, "వచ్చే ఆదివారం నువ్వు రావచ్చు, కోడి రాకూడదు," అన్నారు. మహారాణి ఆ ఇంటి పెరట్లోనే ఉండిపోయింది.

అలా అని క్రెబ్స్ గారు మెత్తబడ్డారనుకోకండి. గిటారు చర్చిలోకి రాకూడదని సంఘపెద్దలతో పోట్లాడారు. డ్రమ్ములు వచ్చిన రోజున చెవుల్లో దూది పెట్టుకుని మరీ రెండో బల్లలో కూర్చున్నారు. చర్చిలో తొట్టి ఉండగా సముద్రంలో బాప్తిస్మాలేమిటి, తమాషా కాకపోతే, అన్నారు. మేము సముద్రానికి వెళ్ళిన రోజున మాత్రం ఇంట్లో ఉన్న తువ్వాళ్ళన్నీ మూటగట్టుకుని, ఫ్లాస్కు నిండా కాఫీ పోసుకుని ఒడ్డున నిలబడ్డారు. ఒక్కొక్కరూ నీళ్ళలోంచి ఏడుస్తూ నవ్వుతూ వస్తుంటే, కుక్కపిల్లల్ని తుడిచినట్టు మా తలలు బరబరా తుడిచారు. మార్లిస్ వణుకుతూ, "క్రెబ్స్ గారూ, నేను కొత్తగా పుట్టానండీ!" అంటూ మీద పడబోయింది.

"పుట్టావులే, సంతోషం. జుట్టు ఆరబెట్టుకో. పరిశుద్ధాత్మ దిగినంత మాత్రాన జలుబు చెయ్యకుండా ఉండదు."

తూనీగ పేరు పోయి మళ్ళీ మార్లిస్ అయింది. పాకలోంచి క్రెబ్స్ గారి వెనక గదికి మారింది. బడి బస్సులకు డ్రైవర్లు కావాలని తెలిసి క్రెబ్స్ గారే ఆమెను తీసుకెళ్ళి, "ఈ పిల్ల బ్రేకులు సరిగ్గా పడని రొట్టెల బండిని కొండలు దాటించింది. మీ పిల్లల్ని బడికి చేర్చలేదా?" అని వాదించి ఉద్యోగం ఇప్పించారు. ఫ్రిజ్‌లు బాగుచేసే లెనార్డ్‌తో పెళ్ళి కూడా ఆ ఇంటి పెరట్లోనే జరిగింది. అందులో నేను గిటారు వాయించాను. క్రెబ్స్ గారు దూది పెట్టుకోలేదు. నాకు అదే పెద్ద బహుమతి.

చాలా ఏళ్ళ తర్వాత, ఆవిడకు చూపు తగ్గాక, మార్లిస్ ప్రతివారం కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది. ఒకరోజు కారులో ఉండబట్టలేక అడిగింది.

"ఆ రోజు మీరు లేచి వెళ్ళింది డబ్బా కోసమేనా?"

"డబ్బా కోసమా? కోపంతో వెళ్ళాను," అన్నారు క్రెబ్స్ గారు. "ఇక ఆ చర్చి గడప తొక్కకూడదనుకున్నాను. మా గేటు దాకా పోయాక గుర్తొచ్చింది, ఆ పిచ్చిది కోడిని చంపేస్తుందే అని. కోడే లేకపోతే తిరిగొచ్చేదాన్నో లేదో నాకే తెలీదు పిల్లా."

మార్లిస్ కారు పక్కకు ఆపి నవ్విందట. క్రెబ్స్ గారూ నవ్వారట. డాక్టరు దగ్గరికి ఆలస్యంగా వెళ్ళారు.

ఇదీ సంగతి. ఆవిడ వేషం వేరే ఎవరికో పోనివ్వడం మార్లిస్‌కు ఇష్టం లేకపోయింది.

సినిమా మా పాత చర్చిలోనే తీశారు. మార్లిస్‌కు లేత ఊదారంగు కోటు, లంగా, టోపీ, తెల్ల తొడుగులు ఇచ్చారు. బూట్లు ఒక సైజు చిన్నవి. నాకు సంఘపెద్ద వేషం. మెడకు టై బిగించి వెనక బల్లలో కూర్చోబెట్టారు. హిప్పీలుగా వేసిన కుర్రాళ్ళు, వాళ్ళతో ఒక అమ్మాయి ఉత్త కాళ్ళతో లోపలికి వచ్చారు. వాళ్ళను చూసి మార్లిస్ ముఖం చిట్లించాలి. కానీ ఆమె పక్కకు జరిగి, ఆ అమ్మాయితో "రామ్మా, కూర్చో," అంది.

"కట్!" మారిబెల్ పరుగెత్తుకొచ్చింది. "మార్లిస్ గారూ, వాళ్ళని చూస్తే మీకు ఒళ్ళు మండాలి."

"పాపం, ఏం చేశారని?"

"ఆ కాళ్ళు చూడండి, ఎంత మురికో!"

"అది ఇందాక మీవాళ్ళు బ్రష్షుతో పూసిన మట్టేగా. ఆ అబ్బాయి కితకితలని నవ్వుతుంటే నేను చూశాను."

రెండోసారి ముఖం చిట్లించబోయి తుమ్ము వస్తున్నట్టు పెట్టింది. మూడోసారి ఆ పిల్లల కోసం ప్రార్థన చేస్తున్నట్టుంది. మారిబెల్ తల పట్టుకుంది. అందరికీ నిమ్మరసం ఇచ్చి కాసేపు ఆపారు. నేను వెళ్ళి మార్లిస్ పక్కన కూర్చున్నాను.

"నీకు బస్సులో బాణాసంచా కాల్చిన కుర్రాళ్ళు గుర్తున్నారా?"

"వెనక సీట్లోనా? ఆ ముగ్గురు వెధవలా? డికిన్సన్ గారి పిల్ల జడ కాలిపోయేది రా ఇంకాస్తయితే!"

"అద్దంలోంచి వాళ్ళని ఎలా చూశావో అలా చూడు."

నాలుగోసారి తలుపు తెరుచుకుంది. మార్లిస్ తల తిప్పి చూసింది, అంతే. గిటారు పట్టుకున్న కుర్రాడు ఉన్నచోటే ఆగిపోయి, "సారీ మేడమ్," అన్నాడు. సినిమాలో అతనికి రాసిచ్చిన మాటల్లో అది లేదు. కెమెరా పట్టుకున్న అతను కూడా ఎందుకో నిటారుగా నిలబడ్డాడు. అతను మా ఊరివాడేనని, మార్లిస్ బస్సులోనే చదువుకోవడానికి వెళ్ళాడని తర్వాత తెలిసింది.

"అద్భుతం!" అంది మారిబెల్. "ఇప్పుడు లేచి వెళ్ళిపోండి. అక్కడితో మీ పని అయిపోయింది."

"మరి తిరిగి రావడం?"

"కథలో ఆవిడ తిరిగి రాదండీ. ఆవిడంటే పాతకాలం. పాతకాలం వెళ్ళిపోతుంది, కొత్తకాలం వస్తుంది."

"ఆ పాతకాలం మూడిళ్ళ అవతలే ఉండేదమ్మా. వెళ్ళి డబ్బా తీసుకుని వచ్చింది," అని మార్లిస్ కోడి కథంతా చెప్పింది. చుట్టూ చేరిన కుర్రాళ్ళు కింద కూర్చుని విన్నారు. మారిబెల్ కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. "కానీ సినిమాలో పెడితే ఎవరూ నమ్మరు. కోడి అంటే మరీ ఎక్కువైపోతుంది."

"కోడి వద్దులే. ఊరికే తిరిగొస్తాను. ఒక్కసారి తీసి చూడు, నచ్చకపోతే పారెయ్."

మారిబెల్ ఒప్పుకుంది. మార్లిస్ లేచి, తొడుగులు వేసుకుని, బల్లల మధ్య నుంచి నడిచి బయటికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. లోపల కుర్రాళ్ళు పాట ఎత్తుకున్నారు. వాళ్ళ పాట ఒక చరణం అయిపోయింది, రెండోది కూడా అయిపోవచ్చింది. ఆమె రాలేదు. మర్చిపోయిందేమోనని నేను లేవబోతుండగా తలుపు తెరుచుకుంది. ఎవరి వంకా చూడకుండా వచ్చి ఉత్త కాళ్ళ పిల్ల పక్కన కూర్చుని, పాటల పుస్తకం తెరిచి ఆ పిల్లకు కూడా కనబడేలా మధ్యలో పట్టుకుంది. ఆ పిల్లకు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. కాస్త జరిగి, పుస్తకం రెండో అంచు పట్టుకుంది. మారిబెల్ చాలాసేపు కట్ చెప్పలేదు.

"అంతసేపు బయట ఏం చేశావ్?" అని సాయంత్రం అడిగాను.

"నిలబడ్డాను రా. లోపలి పాట వినబడుతోంది. బూట్లు కరిచేస్తున్నాయి. ఇంటికి పోయి విప్పేసుకుంటే ఎంత హాయి అనిపించింది. నిజంగా పోదామనే అనిపించింది." కాళ్ళు నిమురుకుంది. "నేను ఆ రోజు లోపలికి రావడం గొప్పనుకునేదాన్ని గార్త్. నాకు వేరే చోటు లేదు, వచ్చాను. ఆవిడకి ఇల్లుంది, కుర్చీ ఉంది, కాఫీ ఉంది. అయినా వెనక్కి వచ్చింది."

మరుసటి వారం సముద్రంలో బాప్తిస్మం దృశ్యాలు తీశారు. మార్లిస్ తిరిగి రావడం చూశాక మారిబెల్, ఒడ్డున నిలబడే గుంపులో చిన్న పని ఉందని ఆమెను మళ్ళీ పిలిచి అదే ఊదారంగు కోటు వేయించింది. నీళ్ళు మంచులా ఉన్నాయి. కుర్రాళ్ళు మునిగి లేస్తున్నారు, పళ్ళు టకటకమంటున్నాయి. సినిమా వాళ్ళు తెచ్చిన తువ్వాళ్ళు ఎక్కడో బండిలో ఉన్నాయి, తెచ్చేవాడు ఎక్కడున్నాడో తెలీదు. మార్లిస్ కాసేపు చూసింది. తర్వాత బూట్లు విప్పి ఇసుకలో పడేసి, బండి దగ్గరికి వెళ్ళి తువ్వాళ్ళన్నీ చేతుల మీద వేసుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగింది. వచ్చినవాణ్ణి వచ్చినట్టు పట్టుకుని తల తుడిచింది.

"మేడమ్, కెమెరా నడుస్తోంది!" అని ఎవరో అరిచారు.

"నడవనీ! ఈ పిల్లాడి పెదాలు నీలంగా అయిపోతున్నాయి, కనబడట్లేదూ?"

ఏడాది తర్వాత సినిమా వచ్చింది. రెండు రోజుల ముందు మారిబెల్ ఫోన్ చేసి, నిడివి ఎక్కువైపోయి మీరు తిరిగొచ్చే ముక్క తీసేయాల్సి వచ్చింది, క్షమించండి, అందట. "పర్లేదమ్మా, నువ్వు ఒకసారి తీసి చూశావు కదా," అంది మార్లిస్. కానీ ఆ మాట నాతో చెప్పేటప్పుడు ఆమె గొంతు కాస్త చిన్నబోయింది.

ఊరి థియేటర్లో మధ్యాహ్నం ఆట. సగం మంది మా సంఘం వాళ్ళే. తెర మీద ఊదారంగు కోటావిడ లేచి టకటకా వెళ్ళిపోయింది. వెనక వరసలోంచి ముసలి గొంతు ఒకటి, "కంగారు పడకండి, ఆవిడ వస్తుంది!" అని అరిచింది. అందరూ ఘొల్లున నవ్వారు. మార్లిస్ నవ్వుతూనే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చివర్లో సముద్రం వచ్చింది. కుర్రాళ్ళు, కెరటాలు, పాట. కెమెరా అలా అలా పక్కకు తిరిగి, నీళ్ళలో నిలబడి ఒక కుర్రాడి తల బరబరా తుడుస్తున్న ఊదారంగు కోటావిడ దగ్గర ఆగింది. ఆగి అక్కడే ఉండిపోయింది. ఆవిడ ముఖంలో కోపం ఉంది, చిరాకు ఉంది, వణుకుతున్న పిల్లాణ్ణి వదలని పట్టుదల ఉంది. అది ఎవరూ నేర్పిన ముఖం కాదు. అచ్చం క్రెబ్స్ గారు.

హాల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. మార్లిస్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "కోటు తడిపేశానని ఆ రోజు వేషాల బట్టలు చూసే అమ్మాయి ఎంత తిట్టిందో," అంది.

ఆ తర్వాత ఆమెకు ఇంకో అవకాశం వచ్చింది. టీవీలో వచ్చే హత్యల సీరియల్లో ముసలమ్మ శవం. సోఫాలో కదలకుండా పడుకోవాలి. అంతకంటే సులువైన పనేముందని సంతోషంగా వెళ్ళింది. పోలీసు వేషం వేసినాయన వంగి నాడి చూస్తూ, "చనిపోయి చాలాసేపైంది," అన్నాడు. అప్పుడే శవం చిన్నగా గురక పెట్టింది. ఆ రోజంతా అక్కడ ఎవరూ నవ్వు ఆపుకోలేకపోయారట. మళ్ళీ పిలుస్తామన్నారని, ఈసారి కాఫీ తాగి వెళ్తానని, మార్లిస్ ఆదివారం చర్చి మెట్ల మీద అందరికీ చెప్పుకుని నవ్వింది.